ఆరింట ఒకటి

జనవరి 20, సోమవారం

ఈ రిజిస్టరు పరీక్ష గదిలో అడుగు షెల్ఫులో దొరికింది. మొదటి నాలుగు పేజీల్లో నాకు ముందు పనిచేసినాయన గీసిన గీతలున్నాయి. మిగతాదంతా ఖాళీ. సూపర్‌వైజరు అడిగితే లెక్కలు రాస్తున్నానంటాను. అబద్ధం కూడా కాదు.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. లేకపోతే రెండు రోజుల్లో నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

"మీ పాప కండరాలకి నరాల నుంచి అందాల్సింది అందడం లేదు. దీనికి ఒకటే సూది మందు. రెండేళ్ళు నిండేలోపు వెయ్యాలి. కొనడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. కంపెనీవాళ్ళు నెలకి ఒకటి ఉచితంగా ఇస్తారు. మా జాబితాలో ఎప్పుడూ ఆరుగురు పిల్లలుంటారు. నెలలో మొదటి సోమవారం వాళ్ళ కంప్యూటరు ఒక పేరు తీస్తుంది. ఒకళ్ళు వెళ్ళిపోతే ఇంకొకళ్ళని చేరుస్తాం."

"ఒకసారి రానివాళ్ళకి తర్వాతి నెల కాస్త ముందు వరస ఏమైనా ఉంటుందా డాక్టరుగారూ?" అని మా ఆవిడ అడిగింది.

"ఉండదమ్మా. ప్రతి నెలా మళ్ళీ మొదటి నుంచే."

పిచ్చుకకి నిన్నటితో ఏడాదిన్నర నిండింది. జూలై 19కి రెండేళ్ళు. అంటే ఆరు పేర్లు, ఆరు నెలలు. ఆ గదిలో నాకు నవ్వొచ్చినంత పనైంది. పన్నెండేళ్ళుగా నేను పాచికలు తయారుచేసే కంపెనీలో వాటిని దొర్లించి బతుకుతున్నాను.

బస్సులో మా ఆవిడ అడిగింది. "ఆరుగురిలో ఒకరు, ఆరుసార్లు తీస్తారు. మనకి రావాల్సిందేగా?"

అందరూ చేసే పొరపాటే. టికెట్టు వెనక రాసి చూపించాను. ఒకసారి రాకపోవడానికి ఆరింట ఐదు. రెండుసార్లూ రాకపోవడానికి ఆ ఆరింట ఐదుని మళ్ళీ ఆరింట ఐదుతో గుణించాలి. అలా ఆరుసార్లు గుణిస్తే నూటికి ముప్పై మూడున్నర తేలింది. ఆరుసార్లూ రాకుండా పోవడానికి అంత. కనీసం ఒక్కసారి రావడానికి మిగతాదంతా, దగ్గర దగ్గర అరవై ఏడు.

"అరవై ఏడా! ఫస్టు క్లాసే కదండీ," అంది. పిచ్చుక చెవిలో కూడా చెప్పింది. వారం రోజుల తర్వాత తన మొహంలో నవ్వు చూశాను. నాకు లెక్కలు వచ్చినందుకు మొదటిసారి గర్వపడ్డాను.


జనవరి 22

పని యథాప్రకారం. పది అరల డబ్బా, గాజు మూత. అరకొక పాచిక వేసి ఆరు వందలసార్లు ఆడించడం, గీతలు గీయడం. ఒక్కో ముఖం వందసార్లు పడాలి. ఎనభైకి తగ్గినా నూట ఇరవై దాటినా పక్కన పెట్టాలి. లోపల గాలి బుడగ ఉంటే తప్ప పాచికకి ఇష్టాయిష్టాలు ఉండవు. నిన్న ఏం పడిందో దానికి తెలియదు. ఈ ముక్క చెప్పడానికి కంపెనీ నాకు జీతమిస్తుంది.

చుక్కలకి రంగు నింపే గదిలో ఆడవాళ్ళ శాస్త్రం వేరు. ఒక ముఖం చాలాసేపు పడకపోతే దానికి ఆకలేస్తోందంటారు. మా ఆవిడ కూడా ఆ గదిలోదే. పెళ్ళికి ముందు టీ విరామంలో ఆటపట్టించేవాణ్ణి. "దానికి కడుపుందా, ఆకలెయ్యడానికి?"

"కడుపు లేకపోతే రోజూ ఇన్ని చుక్కలు ఎలా మింగుతోంది? నింపలేక చస్తోంది నేను కదా," అనేది.

అప్పుడు ఆ మాటకే పడిపోయాను.


ఫిబ్రవరి 3, సోమవారం

రాలేదు.

పదకొండుం పావుకి నర్సు ఫోన్ చేసింది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మా ఆవిడ పిచ్చుకని భుజం మీద వేసుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఫోను నా చెవి దగ్గరుంటే తను నా మొహం చూస్తోంది. తల అడ్డంగా ఊపాను.

"పోనీలెండి. ఇంకా ఐదున్నాయి," అంది. "ఒకసారి పోయింది కాబట్టి ఇప్పుడు ఆకలి మొదలవుతుంది. ఆ అరవై ఏడు కాస్త పెరిగుంటుంది కదండీ?"

పెరగదు. ఒక అవకాశం అయిపోయింది, ఐదే మిగిలాయి, తగ్గి అరవై అయింది. ఇంత చిన్న మాట. పిచ్చుక చేత్తో నా మీసం పట్టుకుని లాగుతోంది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"డెబ్బై," అన్నాను.

చెప్పింది 70. ఉన్నది 60. ఇక్కడైనా రెండూ రాసి పెట్టుకుంటాను.


ఫిబ్రవరి 14

ఆసుపత్రిలో వ్యాయామం గది. పిచ్చుక పక్క చాప మీద ఒక బాబు. వాడిదీ మా జాబితాయే. వాళ్ళమ్మకి లావుపాటి కళ్ళజోడు. ఒడిలో బాబుని పెట్టుకుని అస్తమానం పైటచెంగుతో అద్దాలు తుడుచుకుంటుంది. మా ఆవిడా ఆవిడా అప్పుడే అక్కాచెల్లెళ్ళైపోయారు.

"మావారు చెప్పారు, నెలనెలా పెరుగుతుందట," అని మా ఆవిడ ఆవిడకి ధైర్యం చెబుతోంది.

నేను బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండిపోయాను. కట్టిన లేసులే మళ్ళీ కట్టాను.


మార్చి 3, సోమవారం

రాలేదు. చెప్పింది 75. ఉన్నది 52.


మార్చి 11

ఒక పని చేశాను. ఎవరికైనా తెలిస్తే పరీక్ష గదిలోంచి గెంటేస్తారు.

ఇవాళ మొదటి అర మీదే కళ్ళు పెట్టుకు కూర్చున్నాను. వరసగా ఐదుసార్లు ఆరు పడని చోటల్లా, ఆ తర్వాత ఏం పడిందో విడిగా రాశాను. అలాంటి చోట్లు 240 దొరికాయి. తర్వాత ఆరు పడింది 39సార్లు. ఆరింట ఒకటి. పన్నెండేళ్ళుగా తెలిసిందే.

అయినా రేపు రెండో అర చూస్తాను. ఒక్క అరతో ఏం తేలుతుంది.


మార్చి 12

రెండో అరా అంతే.


మార్చి 27

కళ్ళజోడావిడ కొడుకు పోయాడు. జలుబు చేసి ఊపిరితిత్తుల్లోకి దిగిందట. మూడు రోజుల్లో అయిపోయింది.

మా ఆవిడ ఫోనులో విని నేల మీద కూలబడిపోయింది. నేను పిచ్చుకని ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ నిలబడి ఏం చేశానో రాసి తీరాలి. ఐదుగురే మిగిలారు, ఐదింట ఒకటి, నూటికి ఇరవై అనుకున్నాను. ముందు లెక్క కట్టాను. కన్నీళ్ళు ఆ తర్వాత వచ్చాయి.

సాయంత్రం నర్సు వేరే పని మీద ఫోన్ చేసి, కొత్త పాప పేరు చేర్చామని చెప్పింది. మళ్ళీ ఆరుగురు. నా లెక్కకి నాలుగు గంటల ఆయుష్షు.


ఏప్రిల్ 7, సోమవారం

రాలేదు.

"మూడైపోయాయి," అంది మా ఆవిడ. ఏడవలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఇప్పుడు ఎనభై దాకా వచ్చి ఉంటుంది."

ఈసారి నన్ను అడగనైనా లేదు. తనే చెప్పింది. నేను "ఆ" అన్నాను. కాబట్టి ఇది నేను చెప్పినట్టు కాదు.

ఉన్నది 42.


ఏప్రిల్ 19

పిచ్చుకకి ఏడాదీ తొమ్మిది నెలలు. జనవరిలో దిండు ఆసరాతో కూర్చునేది. ఇప్పుడు కూర్చోలేకపోతోంది. మెడ నిలుపుతుంది. కుడిచెయ్యి నా మీసం దాకా వస్తుంది. పాలు బానే మింగుతుంది. ఎవరైనా తుమ్మితే పకపకా నవ్వుతుంది. నేను రోజుకి నలభైసార్లు దొంగ తుమ్ములు తుమ్ముతున్నాను.


మే 5, సోమవారం

రాలేదు. వచ్చింది కళ్ళజోడావిడ కొడుకు స్థానంలో చేరిన పాపకి. ఆ పాపకి ఇది రెండో నెలే.


మే 8

డాక్టరమ్మ మమ్మల్ని రమ్మని కబురు పెట్టింది.

ఒక సిరప్ మీద పరిశోధన జరుగుతోందట. అందులో ఒక పాపకి చోటు ఖాళీ అయింది. రోజూ తాగించాలి. "పోయిన శక్తిని తెచ్చివ్వదు. ఉన్నదాన్ని చాలా వరకు నిలుపుతుంది. మెడ, మింగడం, ఆ చెయ్యి. అది మొదలుపెడితే సూది జాబితాలోంచి పేరు తీసేస్తారు. వాళ్ళ నియమం అది. సోమవారంలోపు చెప్పాలి, లేకపోతే వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది."

"మీరైతే ఏం చేస్తారు డాక్టరుగారూ?" అన్నాను.

"నేను చెప్పకూడదండీ. రెండు డ్రాలే మిగిలాయి. బాగా ఆలోచించుకోండి."

రెండు అన్న మాట ఆవిడ కాస్త నొక్కి చెప్పింది. నాకు వినిపించింది. మా ఆవిడకి వినిపించిందో లేదో తెలియదు.


మే 9

అత్తయ్యగారు పొద్దున బస్సు దిగారు. సంగతి విని చెప్పులైనా విప్పకముందే మొదలుపెట్టారు.

"ఆ సిరప్పేదో తాగించండి. పిల్ల నవ్వుతోంది, మింగుతోంది. అదైనా మిగలనీండి. ఎక్కడో కంప్యూటరు దయ తలుస్తుందని కూర్చుంటారా?"

"సూది పడితే పరిగెడుతుందమ్మా," అంది మా ఆవిడ.

"పడితే కదే."

"పడుతుంది. ఆయన లెక్క వేశారు. ఈ పదేళ్ళలో ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు."

నేను నీళ్ళ బకెట్టు నిండిందని లేచి వెళ్ళాను. నిండలేదు.


మే 11, ఆదివారం

ఇవాళ చెప్పేస్తాననుకున్నాను. పొద్దున్న గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుని అభ్యాసం కూడా చేశాను. 'చూడు, ఆ పెరగడం అంతా ఉత్తిదే. నువ్వు భయపడతావని అన్నాను.' రెండు వాక్యాలు. నోరు తిరగని మాట ఒక్కటి లేదు.

మధ్యాహ్నం మా ఆవిడ పిచ్చుకని పడుకోబెట్టి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నా రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టింది.

"ఒక్క మాట చెప్పండి, అంతే. నేనింక ఎవర్నీ అడగను. నాలుగుసార్లు రాలేదు. ఇప్పుడెంతుంది?"

ఎదురుగా ఉన్న మొహంలో భయం ఉంటే చెప్పేవాణ్ణేమో. భయం లేదు. నమ్మకం ఉంది. మూడు నెలలుగా నేనే గ్లాసులో పోసి తాగించిన నమ్మకం. ఇప్పుడు ఉన్నది ముప్పై ఒకటి అంటే ఎప్పటి నుంచి అబద్ధం అని అడుగుతుంది. డెబ్బై, డెబ్బై ఐదు, ఎనభై, అన్నీ విప్పి చెప్పాలి. ఆ మొహం ముక్కలవడం నా కళ్ళతో చూడాలి. అదీ కాక, ముప్పై ఒకటి కూడా తక్కువేం కాదు. మూడింట ఒకటి. రావచ్చు. వస్తే ఇదంతా ఎవరికీ గుర్తుండదు.

చెప్పింది 85.


మే 12, సోమవారం

డాక్టరమ్మకి మా ఆవిడే చెప్పింది. "మేం సూది కోసమే ఉంటామండీ. ఆలోచించుకున్నాం."

డాక్టరమ్మ నా వైపు చూసింది. చాలాసేపే చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆవిడ కాగితం మీద ఏదో కొట్టేసి సంతకం పెట్టమంది. ముందు మా ఆవిడ పెట్టింది. కింద నేను.


మే 13

సంతకం తను ముందు పెట్టింది.


మే 20

సిరప్ చోటు వేరే పాపకి ఇచ్చారట.


జూన్ 2, సోమవారం

రాలేదు.

చెప్పింది 90. వినగానే మా ఆవిడ, "నూటికి ఇంక పదే దూరం," అంది. అత్తయ్యగారు వంటింట్లో గిన్నెలు గట్టిగా సర్దారు.


జూన్ 9

మూడో అర, నాలుగో అర, ఐదో అర. అన్నీ చూశాను. ఏ అరలోనూ ఎవరికీ ఆకలి లేదు.


జూన్ 16

పిచ్చుక మెడ వాలిపోయింది. ఎత్తుకుంటే తల వెనక్కి పడిపోతోంది, అరచెయ్యి ఆనించాలి. పాలు చుక్కలు చుక్కలుగా పోయాలి. ఒక గ్లాసుకి గంట పడుతోంది. ఏడిస్తే చప్పుడు రావట్లేదు. మొహం మాత్రం ఏడుస్తోంది.

మే నెలలో మెడ నిలిచే ఉంది.


జూన్ 17

మే నెలలో మింగేది కూడా.


జూన్ 23

ఇవాళ భోజనాల గంటలో డాక్టరమ్మకి ఫోన్ చేశాను. సిరప్‌లో మళ్ళీ చోటేమైనా ఉందా అని అడిగాను. లేదట. పేరు రాసుకుంటానంది. "ఆ రోజు మీరు ఒక్క మాటైనా అంటారని ఎదురుచూశానండీ," అంది. నేను "అవునండీ" అన్నాను. దేనికి అవునన్నానో నాకే తెలియదు. తర్వాత మూడు వందలసార్లు డబ్బా ఆడించాను, ఒక్క గీతా గీయలేదు. సూపర్‌వైజరు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.


జూలై 1

మా ఆవిడ పిచ్చుకకి చిన్న బూట్లు కొనుక్కొచ్చింది. అడుగు రబ్బరుది. "నడక మొదలుపెట్టినప్పుడు జారకూడదు కదా," అంది.

నేను బాగున్నాయన్నాను.


జూలై 7, సోమవారం

రాలేదు.

నర్సు "సారీ అండీ" అని ఫోను పెట్టెయ్యకుండా అలాగే ఉంది. నేను కూడా అలాగే ఉన్నాను.

మా ఆవిడ పిచ్చుకని ఒళ్ళో వేసుకుని, పాలగ్లాసు తీసుకుని, చెంచాతో పొయ్యడం మొదలుపెట్టింది.


జూలై 8

రేపు చెబుతాను. ఇంక దాచి కాపాడుకోవాల్సింది ఏం మిగిలిందని. మేలో నీకు చెప్పింది ఎనభై ఐదు, ఉన్నది ముప్పై ఒకటి అని చెబుతాను. తిడితే తిడుతుంది. కొడితే కొడుతుంది. పిచ్చుకని తీసుకుని వాళ్ళమ్మతో వెళ్ళిపోతానంటే వెళ్ళిపోనిస్తాను. కనీసం ఆ సంతకంలో తన తప్పు లేదని తనకి తెలియాలి. నాది కదా తప్పు. నాదని తెలియాలి.


జూలై 9, బుధవారం

పొద్దున పిచ్చుకకి ఊపిరి కాస్త బరువైంది. ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి ఒక మిషను పెట్టి వెళ్ళాడు, ముక్కుకి గొట్టం. అది పెట్టాక కుదురుగా నిద్రపోయింది. అత్తయ్యగారు మంచం పక్కన కూర్చుని అన్నారు. గట్టిగా కూడా కాదు.

"ఆ రోజు ఆ సిరప్ ఒప్పుకుని ఉంటే..."

మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. చెప్పడానికే వెళ్ళాను. "ఇటు చూడు," అన్నాను. తను చూసింది.

"నేను మొన్నటి నుంచీ అదే ఆలోచిస్తున్నానండీ," అంది. నన్ను మాట్లాడనివ్వలేదు. "డాక్టరమ్మతో వద్దని చెప్పింది నేను. ముందు సంతకం పెట్టింది నేను. నా చేతులతో నేనే పిల్లకి ఇది చేశానా అని అనుకున్నాను. నిన్నంతా అదే. బావిలో దూకుదామన్నంత వరకూ వెళ్ళింది ఆలోచన. తర్వాత మీ లెక్క గుర్తొచ్చింది. నూటికి ఎనభై ఐదు ఉంది. ఎనభై ఐదు ఉండగా ఏ తల్లైనా వదులుకుంటుందా? వదులుకోదు. మనం తెలివితక్కువ పని చెయ్యలేదు. సరైందే చేశాం, రాలేదు, అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని నిలబడ్డానండీ. అది కూడా లేకపోతే ఈపాటికి నేను ఉండేదాన్ని కాదు."

నా చెయ్యి పట్టుకుంది. తన వేళ్ళు చల్లగా ఉన్నాయి. ముప్పై ఒకటి అన్న మాట నా నాలుక మీద ఉంది. అది తను నిలబడ్డ చోటు. నేను నోరు విప్పితే తన కాళ్ళ కింద ఏమీ ఉండదు. విప్పకపోతే నా జన్మంతా ఇది నాలుక మీదే ఉంటుంది. ఈ రెండు తప్ప మూడోది ఏదైనా ఉందేమోనని వెతికాను. నిజంగా వెతికాను. దొరకలేదు.

"అమ్మకి మీరే చెప్పండి," అంది. "నేను చెబితే వినదు. మీరు లెక్క చెబితే నమ్ముతుంది. లేకపోతే ఎప్పటికీ నన్ను అలాగే చూస్తుంది."

వెళ్ళి అత్తయ్యగారి ఎదుట నేల మీద కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. మొదట అరవై ఏడు అని చెప్పాను. రానప్పుడల్లా అది ఎలా పెరుగుతుందో చెప్పాను. డెబ్బై, డెబ్బై ఐదు, ఎనభై. సిరప్ గురించి అడిగే రోజుకి ఎనభై ఐదు ఉందని చెప్పాను. ఆవిడకి అర్థం కావాలని వేళ్ళు మడిచి చూపించాను. అంత శుభ్రంగా నేను ఎవరికీ ఏ లెక్కా చెప్పలేదు.

ఆవిడ చివరిదాకా విన్నారు.

"ఎనభై ఐదా! అంతుండి కూడా రాలేదా?"

"రాలేదండీ."

"మరి మీరు మాత్రం ఏం చేస్తారు నాయనా," అని అత్తయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టారు. గుమ్మంలో మా ఆవిడ మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది. అత్తయ్యగారు చెయ్యి తీసేదాకా నేను తల ఎత్తకుండా కూర్చున్నాను.